హంసలదీవి బీచ్‌లో ఫోన్ టార్చ్ ఆపేయండి, ప్లీజ్!

వీకెండ్‌కి బీచ్ అనగానే బెజవాడ కుర్రాళ్ళకి మంగినపూడో, సూర్యలంకో గుర్తొస్తుంది. నింపాదిగా నడవాలనుంటే మాత్రం ఈసారి బండి దివిసీమ వైపు తిప్పండి. కృష్ణా కరకట్ట మీదుగా అవనిగడ్డ, అక్కడి నుంచి కోడూరు, హంసలదీవి, పాలకాయతిప్ప. దాదాపు వంద కిలోమీటర్లు. దారిలో అరటి తోటలు అయిపోయి రొయ్యల చెరువులు మొదలయ్యాయంటే సముద్రం దగ్గరకొచ్చినట్టే.

హంసలదీవిలో వేణుగోపాలస్వామి గుడి ఉంది. ఇక్కడ మునిగిన కాకి హంస అయిందని, అందుకే ఆ పేరని స్థలపురాణం. పాలకాయతిప్ప నుంచి ఇసుకలో నడుస్తూ పోతే కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు వస్తుంది. ఒకవైపు బంగాళాఖాతం, మరోవైపు మడ అడవి. బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన పుల్లలు చూసి ఎండు కట్టెలనుకోకండి. అవి చెట్లు గాలి పీల్చుకునే వేర్లు. చేపలు పట్టే బావురు పిల్లి ఉండేది ఈ అడవిలోనే. ఇదంతా కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం ప్రాంతం. 1977 నవంబర్ 19 నాటి ఉప్పెనలో దివిసీమ వేల మందిని పోగొట్టుకుంది. అలల జోరును తగ్గించే ఈ చెట్ల విలువ ఇక్కడి పెద్దవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక అసలు విషయం. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట ఈ ఒడ్డుకొస్తాయి. తల్లి తాబేలు అడుగున్నర లోతు గుంత తవ్వి, సుమారు 100 గుడ్లు పెట్టి, ఇసుక కప్పేసి వెళ్ళిపోతుంది. మళ్ళీ వెనక్కి తిరిగి చూడదు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. అటవీ శాఖ వాళ్ళు దొరికిన గుడ్లను హేచరీల్లో పొదిగిస్తారు. దొరకనివి ఇసుకలోనే, మన కాళ్ళ కిందే ఉంటాయి.

మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే పిల్ల తాబేలు కోడ్‌లో ఉన్నది ఒకే లైను: ‘ఎక్కువ వెలుతురున్న వైపు వెళ్ళు’. చీకట్లో ఆకాశం కింద మెరిసేది సముద్రమే కాబట్టి లక్షల ఏళ్ళుగా ఆ లైను బాగానే పనిచేసింది. ఇప్పుడు ఒడ్డున మన ఫోన్ టార్చ్, బైక్ హెడ్‌లైట్ వెలిగితే అది అటే నడుస్తుంది. తెల్లారేసరికి ఎండకి ఎండిపోతుంది, లేదా కాకులకి, కుక్కలకి దొరుకుతుంది. వెయ్యి పిల్లల్లో ఏ ఒక్కటో పెద్దదవుతుందని అంచనా. ఆ ఒక్కటీ మన రీల్ కోసం దారి తప్పితే ఎలా?

అందుకే బైక్‌ని ఇసుకలోకి దింపకండి. టైరు కింద గుడ్లు నలుగుతాయి, టైరు గాడిలో పడ్డ పిల్ల పైకి ఎక్కలేదు. సంగమం దగ్గర లోతు, సుడులు తెలియవు, స్నానానికి దిగొద్దు. చీకటి పడ్డాక ఉండాలనుకుంటే ముందు అటవీ సిబ్బందిని అడగండి. చిప్స్ కవర్లు మీతోనే వెనక్కి తెచ్చేయండి. రీల్ అంటారా? పగలు తీసుకోండి, వెలుతురు కూడా బాగుంటుంది.