ఈ నెల మాట: స్టేల్‌మేట్



మోపిదేవిలో ఆరాధన ముగిశాక ఒక యువకుడు ఇంగ్లీషు పేపరు తెచ్చి, "అయ్యగారూ, స్టేల్‌మేట్ అంటే ఏమిటండీ?" అని అడిగాడు.

ఇది చదరంగం మాట. ఆడవలసిన వాని రాజుకు చెక్ ఉండదు. కాని నియమం ప్రకారం వేయడానికి ఒక్క ఎత్తు కూడా మిగలదు. ఆట అక్కడితో ఆగిపోతుంది, చెరి అర పాయింటు వస్తుంది. చెక్ తగిలి, తప్పించుకునే దారి లేకపోతే అది చెక్‌మేట్, అంటే ఓటమి. మన గుడివాడలో పుట్టి 2019లోను, 2024లోను ప్రపంచ మహిళల ర్యాపిడ్ విజేత అయిన కోనేరు హంపి ఆట చూచే పిల్లలకు ఈ తేడా తెలుసు.

పత్రికలవారు ఈ మాటను చర్చలకు వాడతారు. "ది టాక్స్ ఎండెడ్ ఇన్ ఎ స్టేల్‌మేట్" అంటే చర్చలలో ప్రతిష్టంభన ఏర్పడిందని అర్థం. "ముందు నుయ్యి, వెనుక గొయ్యి" దీనికి సరిపోదు. అది ఒక్కరి ఇరకాటం. ఇది రెండు పక్షాల మధ్య వచ్చేది.

మన కాలువలకు వచ్చే కృష్ణ నీరే చూడండి. బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి 811 టి.ఎం.సి.లు కేటాయించింది. 2014లో రాష్ట్రం రెండయ్యాక, 2015లో తాత్కాలికంగా ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 అనుకున్నారు. శాశ్వత వాటాలపై మాట కుదరలేదు. చివరకు 2023లో కేంద్రం ఆ పంపకాన్ని బ్రిజేష్‌కుమార్ ట్రిబ్యునల్‌కు అప్పగించింది.

రాష్ట్రాల సంగతి అలా ఉంచుదాం. పొలం గట్టు విషయమై మా అన్నగారికీ మాకూ రెండేళ్లు మాటలు లేవు. "ఆయనే ముందు రావాలి" అని మేము, "వాడే రావాలి" అని ఆయన. ఆ రెండేళ్లూ మేము సమాధానమును గూర్చి ప్రసంగిస్తూనే ఉన్నాము! ఒక క్రిస్మస్ నాడు మా అమ్మగారు ఏ కొడుకు ఇంట భోంచేయాలో తోచక, ఎవరింటికీ రాక, ఒంటరిగా కూర్చున్నారు. ఆ సాయంత్రం సిగ్గుపడి అన్నగారి గుమ్మం ఎక్కాము. గట్టు తగవు ఆ రాత్రి తీరలేదు. కాని అమ్మ మా ఇద్దరి నడుమ కూర్చొని అన్నం తిన్నది.

చదరంగంలో ఎత్తు నిజంగానే ఉండదు. మాకు ఉన్నది, వేయడానికి మనసు రాలేదు, అంతే. ఆదికాండము 13వ అధ్యాయంలో కాపరుల మధ్య జగడం పుట్టినప్పుడు, పెద్దవాడైన అబ్రాము కోరుకునే అవకాశం లోతుకు ముందు ఇచ్చాడు.

మీ ఇంట అటువంటి ముడి ఉంటే, ఈ నెలలోనే ఆ గుమ్మం ఎక్కండి. ప్రభువు మీకు తోడైయుండును గాక.