మొదటి కాగితం అడగనిది మనమే

దర్శిలో అరెకరం కొనే రైతు ముందు అడంగల్ తీయిస్తాడు. ఈసీ వేయిస్తాడు. లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపిస్తాడు. గట్టు పక్క రైతుల్ని పిలిచి కొలతలు వేయిస్తాడు. అన్నీ సరిపోయాకే బయానా ఇస్తాడు. ఇంత జాగ్రత్త తెలిసిన మనం, 4.47 లక్షల ఎకరాలకు నీళ్లిస్తామన్న వెలిగొండ ప్రాజెక్టు దగ్గర ఒక్క కాగితమూ అడగలేదు. లాయర్లం, మాస్టర్లం, పత్రికలకు రాసేవాళ్లం కూడా అడగలేదు.

1996లో గొట్టిపడియ దగ్గర శంకుస్థాపన జరిగితే ప్రాజెక్టు వచ్చేసిందనుకున్నాం. ఇంజినీర్లు లెక్కలు వేయలేదని నేననడం లేదు. ఆ లెక్కల్ని తెలుగులో రాసి ఊళ్లో చదివి వినిపించమని మనం పట్టుబట్టలేదు. ఈ నీటి కోసం జీవితాంతం పోరాడిన పూల సుబ్బయ్య పేరు ప్రాజెక్టుకు పెట్టగానే ఆయన రుణం తీరిపోయిందనుకున్నాం.

అడగాల్సినవి అంత కష్టమైన ప్రశ్నలేమీ కావు. నీళ్లు ఎక్కడివి, వాటి మీద మన హక్కేమిటి? శ్రీశైలం జలాశయం ఒడ్డున కొల్లంవాగు నుంచి నల్లమల కింద 18.8 కిలోమీటర్ల జంట సొరంగాలు తవ్వి, వరద రోజుల్లో 43.5 టీఎంసీలు తేవాలన్నది పథకం. అవి మిగులు జలాలు. బచావత్ ట్రిబ్యునల్ తీర్పు వాటిని వాడుకోనిచ్చింది గానీ హక్కు ఇవ్వలేదు. ఈ మాట మొదటి పేజీలోనే ఉండాలని అప్పుడు అడగని మనం, 2021 జూలైలో కేంద్రం కృష్ణా బోర్డు పరిధి మీద గెజిట్ ఇచ్చాక వెలిగొండ అందులో లేదని గగ్గోలు పెట్టాం.

ఈ ప్రాజెక్టులో మునిగే ఊళ్ల సంగతి మరీ బాధ. సుంకేసుల, కలనూతల, గుండంచర్ల, గొట్టిపడియ. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లను విడి కుటుంబంగా లెక్కించడానికి ఏ తేదీ పట్టాలన్న తగువు ఏళ్ల తరబడి నడిచింది. ఈలోగా జాబితాలో చిన్నపిల్లలుగా ఉన్నవాళ్లు పెళ్లిళ్లయి తామే పిల్లల తండ్రులయ్యారు. పని సాగినన్నాళ్లూ జాబితా పెరుగుతుందని ముందే రాసుకోవాల్సింది. వాళ్ల ధర్నా టెంట్ల ముందు నుంచే మన బస్సులు వెళ్లాయి. అది వాళ్ల గొడవ అనుకున్నాం. నీళ్లు మనవి, మునక వాళ్లది. ఇంతకంటే సిగ్గుపడాల్సింది లేదు.

నాగార్జునసాగర్ వేరేగా మొదలైంది. ఖోస్లా కమిటీ ఆనకట్ట స్థలం నందికొండను చూడటానికి దారి లేకపోతే, ముక్త్యాల రాజా జనాన్ని కూడగట్టి బాట వేయించాడు. 1952లో కమిటీ నివేదిక ఇచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. కాగితం ముందు, రాయి తర్వాత. ఆ సాగర్ కుడి కాలువ నీళ్లు తాగే దర్శివాళ్లకు ఈ వరస తెలియాల్సింది.

ప్రాజెక్టు పూర్తయిందని దేన్ని చూసి అనాలి? ఇదీ మనం రాయించుకోలేదు. 2024 మార్చిలో సొరంగాల్ని జాతికి అంకితం చేశారు. అప్పటికి ఫీడరు కాలువ పనులు, పునరావాసం మిగిలే ఉన్నాయి. నల్లమలసాగర్‌ జలాశయంలోకి అప్పటికి నీళ్లు రాలేదు.

సమాచార హక్కు చట్టం 2005లోనే వచ్చింది. అర్జీకి పది రూపాయలు. ఏ పని తర్వాత ఏ పని, దేనికి ఎంత డబ్బు, ఎవరు బాధ్యులు, ఏ ఊరు ఏ తేదీకి ఖాళీ చేయాలి, వాళ్లకు ఇల్లు ఎక్కడ? ఈ ప్రశ్నలు రాసి, కింద మనందరి సంతకాలతో ఈ వారమే పంపుదాం. జవాబు వచ్చాక మొదటి నకలు సుంకేసులకు చేరాలి.