వైరి లేని వీరగాథ

పెద్దవారు పిల్లల పుస్తకమును చేపట్టుట కాలక్షేపమునకో, కొనిపెట్టుటకు ముందు పరీక్షించుటకో అయి యుండవలెనని మనలో ఒక అభిప్రాయము పాతుకొని యున్నది. అమెరికా రచయిత్రి ఉర్సులా లె గ్విన్ 1968లో ప్రకటించిన ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ విషయమున ఇది చెల్లదని నా నమ్మకము. ఏలయన, పండ్రెండేండ్ల బాలుడు దీనిని సముద్రయానములకొరకును డ్రాగనులకొరకును చదువును గాని, ఇందలి అసలు భయము తెలియవలెనన్నచో మనుష్యుడు తన అహంకారముచేత ఒక్క అనర్థమునైనను తెచ్చికొని యుండవలెను.

గాంట్ అను కొండల దీవిలో మేకలు కాచుకొను తల్లిలేని పిల్లవాడు, మంత్రశక్తి పుట్టుకతో అబ్బినవాడు, ఓజియన్ అను మితభాషియైన గురువునొద్ద గెడ్ అను నిజనామమును పొంది, ఆ గురువు మౌనమును భరింపలేక రోక్ దీవిలోని మాంత్రిక విద్యాలయమునకు పోవును. అచట జాస్పర్ అను తోటి విద్యార్థి తన్ను చులకన చేయుచున్నాడన్న ఉక్రోషముతో, ఏనాడో గతించిన సుందరి యొకతె ఆత్మను పిలుచుటకు సాహసింపగా, తెరచికొనిన చీలికనుండి రూపము లేని నీడ యొకటి వెలువడి అతనిపై బడును; ఆ చీలికను మూయుటలో తన శక్తినంతయు వెచ్చించి వృద్ధ ప్రధానాచార్యుడు ప్రాణము విడుచును. తరువాతి కథ యంతయు నీడ తరుముటయు, ఇతడు పరుగిడుటయు, పిమ్మట గురువు హితవున ఇతడే వెనుదిరిగి దానిని తరుముటయు.

చందమామ మాంత్రికులతో పెరిగిన నావంటివాడు ఇచట ఒక దుష్టునికై, వాని ప్రాణము దాచిన చిలుకకై వెదకును. అట్టివాడు లేడు. జాస్పర్ దుర్మార్గుడు కాడు, ఉత్త డాంబికుడు. కథ సగము కాకమునుపే తెరమరుగగును. డ్రాగనులు చచ్చును, నిజమే. కాని ఆ విజయము గెడ్‌ను నీడనుండి ఒక్క బారెడైనను దూరము జరుపదు. దుష్టుని జయించుట గాక సమతూకమును కాపాడుటయే ఇచటి ధర్మము. లె గ్విన్ తావో తత్త్వమును అభిమానించి, 1997లో లావోజు గ్రంథమునకు ఆంగ్లరూపము సంతరించినది. ఒకచోట వాన కురిపించినచో వేరొకచోట అనావృష్టి కలుగవచ్చునను ఈ కథాలోకపు నియమములో ఆ తత్త్వపు ఛాయ స్పష్టము.

పలువురు మెచ్చుకొను ముగింపుకంటె నాకు, పడవలు కట్టు మిత్రుని బిడ్డ మరణించు ఘట్టమే గొప్పదిగా తోచును. బిడ్డ వెంట గెడ్ మృత్యులోకపు చీకటిలోనికి దిగును; బిడ్డ తిరిగి రాడు; ప్రాణములతో మరలి వచ్చు మాంత్రికునికై సరిహద్దు గోడయొద్ద నీడ కాచుకొని యుండును. స్నేహమును, విద్యయును, ధైర్యమును కలిసియు చాలని సందర్భములు కలవని ఇంత నిర్మొగమాటముగా చెప్పు బాలల నవలలు అరుదు. ఇట్టివి పిల్లలకు తగవను పెద్దలు, ఇంటిలో తాత పోయిననాడు ఏమి చెప్పుదురో నాకు తెలియదు.

లోపము లేకపోలేదు. రోక్‌లో ఆడపిల్లలకు ప్రవేశము లేదు. పల్లె మంత్రగత్తెలు హేళనపాత్రలు. రచయిత్రియే 1990లో ‘టెహాను’ అను నవలలో ఆ లోకమునకు మరలి, నడివయస్సు స్త్రీని కథానాయికగా నిలిపి, పాతలెక్కను కొంత సరిచేసినది. అందు నిప్పులో కాల్పబడిన పసిపిల్ల యొకతె కలదు. ఆ పుస్తకమును మాత్రము ఇంటిలో పెద్దలు ముందుగా చదివి, పిమ్మటనే పిల్లలకిచ్చుట మేలు.