చిప్ ఆయువు జంతువుల పేర్లలో లేదు

ప్రకృతిని చూసి అల్లిన అల్గారిథమ్ అయితే చాలు, ఏ చిక్కుముడైనా విడిపోతుందన్న నమ్మకం ఇంజనీరింగ్ పరిశోధనలో పాతుకుపోయింది. తోడేలు, తిమింగలం, గబ్బిలం, మిణుగురు, కోకిల ఇలా ఒక్కోదాని పేరున ఒక్కో పద్ధతి పుట్టింది. రక్తపు చుక్కల మీదా, రసాయనపు చుక్కల మీదా పరీక్షలు చేసే మైక్రోఫ్లూయిడిక్ బయోచిప్‌ల ఆయువు పెంచడానికీ ఇప్పుడు వీటినే పట్టుకొస్తున్నారు. ఇది తప్పుదారి అని నా వాదన. తాడోబా అడవి పక్కన, చంద్రపూర్‌లో బతికే మాకు జంతువుల మీద గౌరవం తక్కువేం కాదు. అభ్యంతరమల్లా వాటి పేర్లు చిప్‌లో అసలు జరిగేదాన్ని కప్పేస్తున్నాయనే.

జరిగేది ఇదీ. పలక మీద చదరంగం గళ్ళలా చిన్న చిన్న ఎలక్ట్రోడ్లు ఉంటాయి. ఒక గడికి వోల్టేజి ఇస్తే పక్కగడిలోని రక్తపు చుక్కో, రసాయనపు చుక్కో దాని మీదికి జరుగుతుంది. దీని మూలసూత్రాన్ని గాబ్రియెల్ లిప్‌మన్ 1875లోనే వివరించాడు. ఎలక్ట్రోడ్ పైన పల్చటి ఇన్సులేటర్ పొర ఉంటుంది. ఒకే గడిని మాటిమాటికీ ఆన్ చేస్తుంటే ఆ పొరలో విద్యుదావేశం చిక్కుకుపోతుంది, లాగే బలం తగ్గుతుంది. చుక్క మొదట నెమ్మదిస్తుంది, తర్వాత మధ్యదారిలో నిలిచిపోతుంది. ఇక ఆ పరీక్ష చెడినట్టే. కాబట్టి ఏ ఒక్క గడి మీదా భారం పడకుండా చుక్కల దారులు పంచాలన్న ఆలోచన సరైనదే.

కానీ ఆ పంపకానికి వాడే లెక్కలో తరచూ కనిపించేది ఒకే అంకె, గడి ఎన్నిసార్లు ఆన్ అయిందన్నది. వోల్టేజి ఎంత, ఏసీయా డీసీయా, ఎంతసేపు ఇచ్చారు, ఇన్సులేటర్ పొర పారిలీన్ అనే ప్లాస్టిక్‌దా ఇంకొకటా, గాలిలో తేమెంత అన్నవి అందులోకి రావు. పరీక్షించేది కూడా ఎప్పుడూ ఉండే పీసీఆర్, ప్రొటీన్ పరీక్ష లాంటి నమూనాల మీదే, అదీ కంప్యూటర్‌లోనే. చివరికి తోడేలు తిమింగలాన్ని ఓడించిందని ఒక పట్టిక వేస్తారు.

ఆ తోడేలు కథ చూడండి. 2014లో వచ్చిన గ్రే వుల్ఫ్ పద్ధతి ఆల్ఫా, బీటా, డెల్టా అనే అధికార వరసల మీద నిలబడింది. 1970 నాటి తన పుస్తకంతో ఆల్ఫా తోడేలు భావనను జనంలోకి తీసుకెళ్ళిన డేవిడ్ మీచ్, అడవి తోడేళ్ళ గుంపంటే తల్లిదండ్రులూ పిల్లలూ ఉన్న కుటుంబమేనని 1999లోనే సవరించుకున్నాడు. అంటే ప్రేరణగా చెప్పిన ప్రకృతే అక్కడ లేదు. గణితం సంగతీ అంతే. చీమల దండు పద్ధతిని కనిపెట్టిన మార్కో డొరిగో తన సహచరులతో కలిసి 2020లో తోడేలు, మిణుగురు, గబ్బిలం పద్ధతుల్లో కొత్తదనమే లేదని చూపించాడు. అన్ని సమస్యల మీదా సగటున గెలిచే పద్ధతి ఉండదని వోల్పర్ట్, మాక్రెడీ 1997లోనే నిరూపించారు. గెలిపించేది ఈ సమస్య గురించి మనకు తెలిసిన విషయమే, జంతువు కాదు.

సమస్య పెద్దది, కచ్చితమైన జవాబు దొరకదు, ఏదో ఒక ఉజ్జాయింపు పద్ధతి తప్పదు కదా అంటారు. ఒప్పుకుంటాను. అయితే చిన్న చిప్‌ల మీదైనా కచ్చితమైన జవాబు తీసి పక్కన పెట్టండి. సిమ్యులేటెడ్ ఎనీలింగ్ లాంటి సాదా పద్ధతితో పోల్చండి. డ్యూక్ విశ్వవిద్యాలయంలో కృష్ణేందు చక్రవర్తి బృందం ఇంకో దారి పట్టింది. చుక్క ఎక్కడుందో తెలుసుకోవడానికి ఎలక్ట్రోడ్లను మాటిమాటికీ సెన్సింగ్ చేయడం కూడా వాటిని అరగదీస్తోందని గుర్తించి, అవసరమైన చోటే సెన్స్ చేసి ఆయువు పెంచే పద్ధతి చెప్పింది. అది పొరలో ఏం జరుగుతోందో చూసినవాళ్ళకు తట్టే ఆలోచన.

మా జిల్లాకు ఏ చిప్ కావాలో కూడా ఆలోచించాలి. చంద్రపూర్, గడ్చిరోలి ఆదివాసీ గ్రామాల్లో సికిల్ సెల్ రక్తవ్యాధి ఉంది. 2023 జులై 1న మొదలైన జాతీయ మిషన్ ఏడు కోట్ల మందికి స్క్రీనింగ్ చేయాలని లక్ష్యం పెట్టుకుంది. ఇక్కడ మే నెలలో ఎండ 47 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. ఆ వేడికి మూత సరిగా లేని చుక్క ఆరి చిక్కబడుతుంది. రక్తంలోని ప్రొటీన్ చిప్ పైపూతకు అంటుకుంటుంది. పైగా ఒక బిడ్డ రక్తం పడ్డ కార్ట్రిడ్జ్‌లో ఇంకో బిడ్డ రక్తం వేయరు. వంశీ పాముల, రిచర్డ్ వెస్ట్ స్థాపించిన బేబీస్ సంస్థ నవజాత శిశువుల పరీక్షా యంత్రానికి 2017లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. అందులోనూ కార్ట్రిడ్జ్ వాడి పారేసేదే. సికిల్ సెల్ కోసం వచ్చిన హీమ్‌చిప్ చుక్కలు నడిపే ఎలక్ట్రోడ్ల గళ్ళ జోలికే పోకుండా సెల్యులోజ్ అసిటేట్ కాగితంతో పని కానిచ్చింది.

ఇలాంటి చోట ఆయువంటే నెలల తరబడి వేడి గదిలో ఉన్న కార్ట్రిడ్జ్, తెరిచాక ఆ ఒక్క పరీక్షనూ మధ్యలో ఆగకుండా పూర్తి చేయడం. వేల సార్లు వాడే చిప్‌లు వేరే ఉన్నాయి, వాటి లెక్క వేరుగా వేయాలి. రెండింటినీ కలిపేసి ఆయువు ఇంత శాతం పెరిగిందంటే ఆ శాతానికి అర్థం లేదు.

కనుక గైడ్లనూ, సమీక్షకులనూ అడిగేది ఒకటే. నిజమైన చిప్ మీద కొలిచిన అరుగుదల, వాడిన వోల్టేజి, గది వేడి, తేమ, వీటితో పాటు సాదా పద్ధతితో పోలిక లేని పేపర్ వస్తే, దాని మీద ఏ జంతువు పేరున్నా వెనక్కి పంపండి.