జిన్ను కాదు, గోలీ అసర్

మెడ ఒక పక్కకి తిరిగిపోయి, కనుగుడ్లు పైకెక్కి, నాలుక బయటికొచ్చి, దవడ బిగుసుకుపోతే మన ఇండ్లలో మొదటి ఫోన్ ఆమిల్ సాబ్‌కే పోతుంది. "హాజిరీ వచ్చింది" అంటారు. దమ్ చేసిన నీళ్లు, తావీజు, ఇంకా ముదిరితే దర్గా. ఆ పోరడికి మొన్ననే దిమాగ్ డాక్టర్ దగ్గర సూది వేయించారన్న సంగతి ఆ గడబిడలో ఎవరికీ యాద్ ఉండదు.

దాని పేరు డిస్టోనియా. హలోపెరిడాల్ లాంటి మందు మొదలుపెట్టిన కొన్ని గంటల్లోనో, మొదటి నాలుగైదు రోజుల్లోనో వస్తుంది. కుర్రాళ్లలో ఎక్కువ. దవాఖానాకి తీసుకెళ్తే ప్రొమెథజిన్ లాంటి ఒక్క సూదితో చాలామందికి అరగంట అటూ ఇటూగా మెడ సీదా అవుతుంది. గొంతు కండరాలు పట్టేసి ఊపిరాడని ఖతరా అరుదే కానీ ఉంది, కాబట్టి తెల్లారేదాకా ఆగే బీమారీ కాదు. సూది వేయకపోయినా మందు ఒంట్లోంచి దిగేకొద్దీ ఇది చాలాసార్లు దానంతట అదే తగ్గుతుంది. ఆ ఖ్యాతి మాత్రం ఆమిల్ సాబ్ ఖాతాలో పడుతుంది. "చూశారా, డాక్టర్ మందుకి జిన్ను రెచ్చిపోయింది, నేను దించాను" అంటాడు. ఇంటివాళ్లు గోలీలు చెత్తబుట్టలో వేస్తారు. కొన్ని వారాలకో నెలలకో అసలు మర్జ్ తిరిగొస్తుంది. అప్పుడు గొలుసులు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో గొలుసులతో కట్టేసిన మరీజులు మంటల్లో లేచి పరిగెత్తలేక 28 మంది కాలిపోయారు. ఆ ఊరికి షిఫా కోసమే తెచ్చారు వాళ్లని.

ఆమిల్‌ని తిట్టి ఊరుకుంటే డాక్టర్లకి ఖుషీ. నా అసలు షికాయత్ వాళ్ల మీదే. వార్తల పని మీద దిమాగ్ డాక్టర్ల ఓపీల బయట చాలాసార్లు కూర్చున్నాను. చిట్టీ పట్టుకుని బయటికొచ్చిన అమ్మీలని "ఈ మందు గురించి ఏం చెప్పారు?" అని అడిగితే వచ్చే జవాబు ఒకటే: "నిద్ర వస్తుందన్నారు బాబా." అంతే. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 22వ సెక్షన్ ఏమంటుందంటే, మరీజుకి తన మర్జ్ ఏమిటో, ఇచ్చే ఇలాజ్ ఏమిటో, దాని తెలిసిన సైడ్ ఎఫెక్టులేమిటో తెలుసుకునే హక్ ఉంది. అదీ తనకి అర్థమయ్యే జుబాన్‌లో. మన హక్‌ని ఓపీలో రద్దీ ఎక్కువన్న బహానాతో ఎగ్గొడుతున్నారు.

ఎగ్గొడితే ఏమవుతుందో చూడండి. ఇదే జాతి మందులతో ఇంకొకటి వస్తుంది, అకతీసియా. మన మాటలో బేచైనీ. కాళ్లు ఆగవు. ఖాయిదాలో అత్తహియ్యాత్ చదివేంతసేపు కూడా కూర్చోలేడు, సఫ్‌లో కదులుతూనే ఉంటాడు. వెనకాల పెద్దాయన "నమాజులో అదబ్ లేదు" అని గద్దిస్తాడు. ఇంట్లో "పిచ్చి ముదిరింది" అని డాక్టర్‌కి చెబుతారు. సరిగా అడగని డాక్టర్ డోసు పెంచుతాడు. డోసుతో పాటు బేచైనీ పెరుగుతుంది. అది భరించలేక ఖుద్‌కుషీ ఖయాల్ దాకా వెళ్లేవాళ్లున్నారు. "లోపల భయమా, లేక కాళ్లు ఆగట్లేదా?" అని అడిగే ఒక్క సవాల్‌తో తేలిపోయే సంగతి తరచూ ఇది.

ఆడపిల్లల విషయానికొస్తే నాకు కోపం ఆగదు. రిస్పెరిడోన్, అమిసల్ప్రైడ్ లాంటి మందులు ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ని పెంచుతాయి. నెలసరి ఆగిపోవచ్చు. పెళ్లికాని అమ్మాయికి పాలు కూడా రావచ్చు. డాక్టర్ ముందే చెప్పి ఉంటే ఒక రక్త పరీక్ష, మందు మార్పు. చెప్పలేదు కాబట్టి ఆ పిల్ల మీద ఇంట్లో తఫ్తీష్ మొదలవుతుంది. ఫోన్ లాక్కుంటారు, కాలేజీ మాన్పిస్తారు, ఖాలాలంతా కూర్చుని కళ్లతోనే ఫైసలా చేస్తారు. ఖాందాన్ ఇజ్జత్ ఒక గోలీ ముందు ఎంత నాజూకుగా ఉందో! నిఖా తర్వాత ఇంకో జుల్మ్. మర్జ్‌ని ససురాల్ నుంచి దాస్తారు, గోలీలు దాస్తారు, గోలీల తక్లీఫ్ కూడా దాచాల్సి వస్తుంది. వాల్‌ప్రొయేట్ వాడే అమ్మాయి గర్భవతైతే బిడ్డ వెన్నుకీ మెదడుకీ నుక్సాన్ జరిగే ముప్పు మామూలుకన్నా చాలా ఎక్కువ. ఆ మాట నిఖా తారీఖు పెట్టకముందే డాక్టర్‌తో మాట్లాడాలి.

ఓలాంజపిన్ తింటూ లావెక్కిన కొడుకుని కాహిల్ అని తిట్టేవాళ్లు ఆ మందు ఆకలిని ఎలా పెంచుతుందో, షుగర్ ఎలా తెస్తుందో కూడా తెలుసుకోండి. బరువు, షుగర్ చూపిస్తూ ఉండండి. క్లోజపిన్ తినేవాళ్లకి జ్వరం, గొంతు నొప్పి వస్తే అదే రోజు రక్తం చూపించాలి, తెల్లకణాలు పడిపోయి ఉండొచ్చు. ఈ దిమాగ్ మందుల మీద ఉన్నవాళ్లకి ఒళ్లు కట్టెలా బిగిసి, తీవ్ర జ్వరం, మాట తడబాటు వస్తే అది నజర్ కాదు, ఎమర్జెన్సీ.

రంజాన్ గురించి ఏ ఖతీబ్ నోటా నేను వినని మాట లిథియం. ఇది ఒక రకం ఉప్పు, ఎంతోమందిని నిలబెట్టిన మందు. కానీ రక్తంలో 0.6 నుంచి 1 దాకా ఉంటే దవా, 1.5 దాటితే జహర్. అంత సన్నటి గీత. ఒంట్లో నీళ్లు తగ్గితే గుర్దాలు లిథియంని బయటికి పంపకుండా పట్టుకుంటాయి. ఎండాకాలం రోజాలో చెమటలు, పైగా తలనొప్పికి ఇఫ్తార్ తర్వాత మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న ఇబుప్రొఫెన్. రెండూ కలిస్తే చేతులు పెద్దగా వణకడం, వాంతులు, విరేచనాలు, తూలడం, మాట ముద్దగా రావడం. "రోజా కమ్‌జోరీ" అనుకుని పడుకోబెడతారు. సూర బఖరాలో మరీజుకి రుఖ్సత్ ఉందని అందరికీ తెలుసు, కానీ దిమాగ్ మరీజుని మాత్రం మనం మరీజుగా లెక్కపెట్టం. లిథియం వాడేవాళ్లు షాబాన్‌లోనే డాక్టర్‌ని అడగాలి, రక్తం పరీక్ష చేయించాలి. రోజా ఉండొచ్చో లేదో ఆ కాగితం చూశాకే తేలుతుంది.

"అందుకే భాయ్, దేశీ దవా వాడండి, అసర్ ఉండదు" అనే వాట్సాప్ హకీములకి ఒక మాట. మన యునానీ అస్రోల్, అంటే సర్పగంధ, హకీం అజ్మల్ ఖాన్ స్థాపించిన ఢిల్లీ తిబ్బియా కాలేజీలోనే సలీముజ్జమాన్ సిద్దిఖీ 1931లో శోధించిన మొక్క. అందులో దొరికిన ఒక పదార్థానికి హకీం సాబ్ పేరు మీదే అజ్మలీన్ అని పెట్టారు. అదే మొక్క నుంచి 1952లో స్విట్జర్లాండ్‌లో రిసర్పిన్ తీశారు, దిమాగ్ మర్జ్‌కి వాడారు. అది కూడా చేతులు వణికించింది, ఒళ్లు బిగించింది. అసర్ చేసే ప్రతి దవాకీ ఇంకో అసర్ ఉంటుంది, వేరైనా, గోలీ అయినా.

ఇదంతా చదివి ఎవరైనా ఇవాళ రాత్రి గోలీ ఆపేస్తే నా మీద జుల్మ్ చేసినట్టే. దుకాణంలో కూర్చుని లెక్క రాసుకుంటున్న ఎందరో ఈ గోలీల వల్లే కూర్చున్నారు. హఠాత్తుగా ఆపితే కొన్ని మందులకి అదో తక్లీఫ్, పైగా మర్జ్ తిరిగొస్తుంది. చిట్టీ వెనక రాయండి: ఏ తారీఖున ఏ గోలీ మొదలైంది, ఒంట్లో ఏం మారింది, ఏ రోజు మారింది. ఆ చిట్టీ డాక్టర్ బల్ల మీద పెట్టి జవాబు తీసుకునేదాకా కుర్చీ లేవకండి. మందు అసర్‌ని రిపోర్ట్ చేయడానికి సర్కారీ ఫార్మకోవిజిలెన్స్ టోల్‌ఫ్రీ నెంబరు 1800-180-3024, మరీజులే చేయొచ్చు. దిమాగ్ తక్లీఫ్‌లకి టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు. ఈ రెండు నెంబర్లూ మసీదు బోర్డు మీద సహరీ-ఇఫ్తార్ టైంటేబుల్ పక్కన అంటించడానికి మీ మొహల్లాలో ఎవరి ఇజాజత్ కావాలో చెప్పండి, అడగడానికి నేనొస్తాను.