మూసిన నోరు, మోగిన పాట

పంక్ రాక్ అన్న మాట వినగానే మన సాహితీమిత్రులలో పెక్కుమందికి ముఖం ముడుచుకుపోతుంది. చింపిరి జుట్టు, చెవులకు పిన్నీసులు, నోటినిండా బూతులు.. అంతకు మించి అందులో ఏముందని వారి ప్రశ్న. ఆ అరుపులలో శ్రుతి యెక్కడిది, సాహిత్యమెక్కడిది అని ఎత్తిపొడుపు. వారిని ఒప్పించడానికి నేనొక పాట వినిపించబోవడం లేదు. ఒక పంక్ గాయకుడు పట్టపగలు టెలివిజనులో పాడడం మానుకున్న సంగతి చెబుతాను.

1980 మే 17, శనివారం. అమెరికాలో ఏబీసీ వారి "అమెరికన్ బ్యాండ్‌స్టాండ్" కార్యక్రమం. 1957 ఆగస్టు నుంచి దేశమంతటా ప్రసారమవుతూ వచ్చిన ఈ కార్యక్రమానికి డిక్ క్లార్క్ అనే చక్కని చిరునవ్వు పెద్దమనిషి వ్యాఖ్యాత. కుర్రకారు వచ్చి నృత్యం చేస్తారు, గాయకులు వచ్చి తమ రికార్డు మోగుతుంటే దానికి పెదవులు కదిపి పోతారు. అదీ అక్కడి ఆనవాయితీ. ఆనాడు వచ్చినది పబ్లిక్ ఇమేజ్ లిమిటెడ్ అనే బృందం. గాయకుడు జాన్ లైడన్. రెండేళ్ళ క్రితం దాకా సెక్స్ పిస్టల్స్ బృందంలో జానీ రాటెన్ అన్న పేరుతో, అంటే "కుళ్ళిన జానీ"గా, ఇంగ్లండును హడలగొట్టినవాడు.

ఆ బృందం పాటలు నిడివైనవి. కార్యక్రమానికి సరిపడేలా వాటిని కత్తిరించారని, తన గొంతు ఎక్కడ మొదలవుతుందో తనకే తెలియలేదని లైడన్ తరువాతి కాలంలో చెప్పుకున్నాడు. "పాప్‌టోన్స్" అనే పాట మొదలైంది. లైడన్ పెదవులు కలపలేదు. మైకును పక్కకు పెట్టి, కుర్రకారు మధ్యకు నడిచి వెళ్ళాడు. గాయకుడు నోరు మూసుకొని తిరుగుతున్నాడు, అతని గొంతు మాత్రం దివ్యంగా మోగుతూనే ఉంది! తరువాత ప్రేక్షకులను చేతులు పట్టుకొని వేదిక మీదకు లాక్కువచ్చాడు. రెండవ పాట "కెరీరింగ్" వచ్చేసరికి వేదిక నిండా జనమే. అందులో గాయకుడెవరో, చూడవచ్చినవాడెవరో తెలియని స్థితి. ఒక్క బూతు మాట లేదు. ఒక్క వాద్యం పగలలేదు. (ఆ గందరగోళాన్ని దాచకుండా ప్రసారం చేసినందుకు క్లార్క్‌ను మెచ్చుకోవలసిందే.)

దీనిని ఆకతాయితనమని కొట్టిపారేసేవారికి నా మనవి ఒకటే. ఆనాడు ఆ స్టూడియోలో అబద్ధమాడనివాడు ఎవరు? మూసిన నోరు ఒక్కటే నిజం చెప్పింది.

నాలుగేళ్ళ వెనుక ఇదే మనిషి పాల్గొన్న మరొక ప్రసారం చూడండి. 1976 డిసెంబరు 1న లండనులో థేమ్స్ టెలివిజన్ వారి "టుడే" అనే సాయంకాలపు కార్యక్రమంలో, ప్రత్యక్ష ప్రసారంలో, బిల్ గ్రండీ అనే వ్యాఖ్యాత పిస్టల్స్‌ను రెచ్చగొట్టాడు. వాళ్ళు బూతులతో బదులిచ్చారు. మరునాడు పత్రికల మొదటి పుటలన్నీ అవే. గ్రండీని రెండు వారాలు పక్కన పెట్టారు, ఆ బృందం కచేరీలు ఊరూరా రద్దయ్యాయి. పంక్ అంటే లోకం గుర్తుపెట్టుకున్నది ఆ సాయంత్రాన్నే. నా మటుకు నాకు అది చాలా చిన్న సంగతి. బూతు వల్ల టెలివిజనుకు వచ్చే నష్టమేమీ లేదు, మీదుమిక్కిలి లాభం. మర్నాడు మరింతమంది చూస్తారు. మన చర్చా కార్యక్రమాలలో కుర్చీలు విసురుకున్న రోజున కలిగే సందడి మీకు తెలియనిది కాదు. టెలివిజనుకు నిజంగా గుచ్చుకునేది బూతు కాదు, అందరూ కలసి దాస్తున్న సంగతిని ఒకడు దాచనని మొండికేయడం.

ఇక్కడ ఒక మిత్రుడి ఆక్షేపణ ఉంది. "మరి మన సినిమా మాటేమిటి? ఘంటసాల పాడితే రామారావు పెదవులు కదపలేదా? అది అబద్ధమైతే మన బతుకంతా అబద్ధమే గదా!" అని. వినడానికి బాగానే ఉంది గాని నిలవదు. 1932లో "భక్త ప్రహ్లాద" నాడు నటులు తమ పాట తామే పాడుకున్నారు. నేపథ్యగానం వచ్చాక గొంతు ఒకరిది, రూపం మరొకరిది అయింది. కాని ఆ సంగతి తెర మీద పేర్లలో వేశారు, రికార్డు మీద అచ్చువేశారు. ఘంటసాల పేరు తెలియని ప్రేక్షకుడు లేడు. అది ఇరువర్గాలకూ తెలిసిన ఒప్పందం. తన గొంతుకు తానే నకలుగా నిలబడి, "ఇదిగో ఇప్పుడే పాడుతున్నాను" అని నటించడం ఒప్పందం కాదు. అందులో మోసపోయేవాడు ఒకడుంటాడు.

ఇంత దూరపు కథ మనకెందుకు అంటారేమో. నేనుండేది హయత్‌నగర్. ఒకప్పుడు మా మండలంలోనే ఉండి, ఇప్పుడు అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలోకి పోయిన రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్ళే బస్సులు మా ముందునుంచే పోతాయి. టెలివిజను అంటే మాకు ఆకాశంలోంచి ఊడిపడ్డ వస్తువు కాదు. ఇరుగుపొరుగులో లైట్లు పట్టినవారున్నారు, చప్పట్లు కొట్టడానికి కూలికి వెళ్ళివచ్చినవారున్నారు. అలా నేనూ ఒక పండుగ ప్రత్యేక కార్యక్రమం చిత్రీకరణకు ప్రేక్షకుడిగా వెళ్ళాను. నగరంలో మరో మూల, పేరు చెప్పనక్కరలేని ఒక చానెలు వారిది. పగటిపూట ప్రసారం కోసం జానపద గాయకులను పిలిపించారు. కొత్త గొంగళ్ళు ఇచ్చి కప్పుకోమన్నారు. గాయకుడు గొంతు సవరించుకుంటుండగా ఒక కుర్రవాడు వచ్చి, "అన్నా, నువ్వు పాడొద్దు, ట్రాక్ ఉంది, నోరు కదిపితే చాలు" అన్నాడు. ఆ ట్రాకులో గొంతు ఆ గాయకుడిదే. ముందురోజు పాడించి, కీబోర్డు కలిపి, కరుకుదనమంతా గీకి నునుపు చేసినది.

అసలు వింత డప్పుల దగ్గర. తోలు డప్పును మంట మీద కాచితేగాని మోగదు. స్టూడియోలో నిప్పు పెట్టనివ్వరు. కాచని డప్పు మోగదు, మోగని డప్పు ట్రాకుకు అడ్డు, కనుక "తగలకుండా కొట్టండి" అన్నారు. నలుగురు మనుషులు తోలుకు తగలకుండా సిర్ర ఆడించడం నేను కళ్ళారా చూశాను. మేము, చేయి ఊపినప్పుడల్లా, చప్పట్లు కొట్టాము. ఆ చప్పట్లకు మాత్రం నిజంగా చప్పుడు ఉంది.

ఆ గాయకుడు లైడన్‌లా ఎందుకు నోరు మూసుకోలేదని నేను అడగను. లైడన్ వెనుక వర్జిన్ వంటి రికార్డు కంపెనీ ఉంది, పత్రికలున్నాయి. ఈతనికి మళ్ళీ పిలుపు రాకపోతే అంతే సంగతులు. మొండితనం కూడా కొందరికే అందుబాటులో ఉండే వస్తువు. నా కోపం ఆ గాయకుడి మీద కాదు, "అచ్చమైన పల్లెపాట" అని కింద అక్షరాలు వేసినవారి మీద.

సాంకేతిక ఇబ్బందులు నీకేం తెలుసునంటారు. తెలిసినంతవరకు చెబుతాను. 1977లో అమెరికాలోనే, గృహిణులు చూసే పగటి కార్యక్రమంలో, డైనా షోర్ అనే పాతతరం గాయని ఇగ్గీ పాప్‌ను పిలిచింది. వేదిక మీద తనను తాను గాయపరచుకున్న పేరున్నవాడు. అతనికి మైకు ఇచ్చి, నిజంగా పాడనిచ్చింది. పక్కన కీబోర్డు ముందు డేవిడ్ బౌయీ. ఆపైన ఆ గాయాల సంగతి ఇంటి పెద్దమ్మలా ఆరా తీసింది. మిన్ను విరిగి మీద పడలేదు. ఆనాటి యంత్రాలతో అది సాధ్యమైనప్పుడు, ఈనాడు డప్పు కాచుకోవడానికి ఆరుబయట కాస్త చోటు చూపించడం అసాధ్యమా?

లైడన్‌ను నేను వీరుణ్ణి చేయదలచుకోలేదు. 2008లో ఆయన బ్రిటిషు టెలివిజనులో వెన్న ప్రకటనలో కనిపించాడు. ఆ డబ్బుతోనే మరుసటి ఏడు తన బృందాన్ని మళ్ళీ నిలబెట్టానని చెప్పుకున్నాడు. టెలివిజను చివరకు అందరినీ మింగుతుంది, అతన్నీ మింగింది అని పెదవి విరిచేవారికి అది మంచి ఆధారమే. అయినా ఆ శనివారం జరిగింది జరగకుండా పోదు. వెన్న అమ్మినవాడు అంతకుముందు చెప్పిన నిజం అబద్ధమైపోతుందా?

అన్నట్టు, ఆ మే నెలకు రెండు నెలల ముందే, 1980 మార్చిలో, ఇక్కడ "మా భూమి" విడుదలైంది. అందులో బండి యాదగిరి పాటను తెర మీద పాడుతూ కనిపించినవాడు, గొంతు ఇచ్చినవాడు ఒక్కరే, గద్దర్. సినిమా గనుక అదీ రికార్డు చేసిన పాటే. అయినా నలభైయేళ్ళు దాటాక కూడా ఆ గొంతుకూ ఆ మనిషికీ మధ్య మనకు సందు కనబడదు. నునుపు చేయకపోవడమే కారణమని నా నమ్మకం.

చానెళ్ళవారిని నేను అడిగేది గొంతెమ్మ కోరిక కాదు. ట్రాకు వేస్తే వేసుకోండి. సిగరెట్టు కనిపించగానే హెచ్చరిక వేస్తున్నారు గదా, అలాగే ఒక మూల "ముందుగా రికార్డు చేసిన పాట" అని వేయండి. ప్రేక్షకులకు ఆ తేడా తెలియదని మాత్రం అనకండి. మా వైపు బోనాల ఊరేగింపులో డప్పు ఒక్క దెబ్బ తప్పితే, పోతరాజు అడుగు ఆపి వెనక్కి తిరిగి చూస్తాడు.