మాటలొచ్చిన చిలక నొప్పి చెప్పదు

గుడియాత్తంలో మా అవ్వ ఇంట్లో ఒక రామచిలక ఉండేది. "అవ్వా, కాఫీ" అని అడిగేది. శనివారం నేను వేలూరు నుంచి బస్సు దిగి వెళితే పేరు పెట్టి పిలిచేది. అన్ని మాటలొచ్చిన ఆ చిలక పోయిన కత్తిరి ఎండల్లో రెండు రోజులు ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చుండిపోయింది. మూడోరోజు చచ్చిపోయింది. "నిన్నటిదాకా బాగానే ఉండింది కదే" అని అవ్వ ఒకటే ఏడుపు.

బాగా లేదు. మాకు కనబడలేదు, అంతే. నీరసంగా కనబడిన పక్షినే గద్ద ముందు పట్టుకుంటుంది. అందుకే చిలక తన జబ్బును చివరిదాకా దాచుకుంటుంది. ఈకలు ఉబ్బించి కదలకుండా కూర్చున్నా, ఊపిరి తీసినప్పుడల్లా తోక ఊగుతున్నా అప్పటికే ముదిరిందని అర్థం. ఆ రోజే పశువుల డాక్టరుకు చూపించాలి. మేము సోమవారం చూద్దాంలే అనుకున్నాం.

మేము పెట్టిన తిండి కూడా చెబుతాను. పొద్దుతిరుగుడు గింజలు, చెనక్కాయలు, టీలో ముంచిన బిస్కెట్టు. ఆ గింజల్లో కొవ్వు ఎక్కువ, విటమిన్ ఎ, కాల్షియం తక్కువ. ఏళ్ల తరబడి అవే తింటే కాలేయానికి కొవ్వు పడుతుంది. విటమిన్ ఎ చాలకపోతే నోరు, ముక్కు లోపలి పొర దెబ్బతిని తుమ్ములు, ఊపిరి జబ్బులు వస్తాయి. పెరట్లో మునగచెట్టు ఉండీ ఒక్క రెమ్మ వేయలేదు. మాటలు బాగా వస్తాయని మిరపపండు మాత్రం పెట్టేవాళ్లం. మాటల సంగతి ఉత్తదే గానీ పక్షికి కారం తెలియదు, మిరపపండుతో విటమిన్ ఎ అందుతుంది. తెలియక చేసిన మంచి అదొక్కటే!

ఛాతీ మీద ఈకలు పోతే రాలే కాలం అనుకున్నాం. ముక్కు అందని తల మీద మాత్రం నిండుగా ఉన్నాయి. అంటే తనే పీక్కుంటోంది. ఒంటరితనం, విసుగు, చర్మవ్యాధి, ఏదైనా కారణం కావచ్చు. ఎండిన రెట్ట దుమ్ము పీలిస్తే మనకూ జ్వరం, న్యుమోనియా రావచ్చు. పంజరం ఊడ్చేముందు నీళ్లు చల్లాలని కూడా మాకు తెలియదు.

క్లాసులో కదిరీపతి శుకసప్తతి గురించి చెప్పుకున్నాం. రాత్రికో కథ చెప్పి ఇల్లాలిని గడప దాటనీయని చిలక అది. దానికి ఒంట్లో ఎలా ఉండిందో మనమెవరమూ అడగలేదు.

నా మాట ఇది: లవ్‌బర్డ్స్ పెంచేవాళ్లు తిండి మార్చండి, వారానికోసారి తూకం వేయండి. రామచిలకను అసలు పెంచొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. ఇప్పటికే ఇంట్లో ఉంటే గాల్లోకి వదిలేయకండి, తిండి వెతుక్కోవడం దానికి తెలియదు. అటవీశాఖకు అప్పగించండి.

అవ్వ ఇంకో పిల్లను తెచ్చుకుంటానంటోంది. ఖాళీ పంజరం ఇంకా వసారాలోనే వేలాడుతోంది. ఈ శనివారం వెళ్లి దించేస్తాను.